లోపల గడియ లేని గది

సాయంత్రం ఏడు దాటిందా… ఇక ఆ మెట్ల కింద గది ముందునుంచి మనిషన్నవాడు నడవడు.

బట్టలు కుట్టే కంపెనీ అది. కింద కుట్టుమిషన్లు, మధ్య అంతస్తులో కటింగ్ బల్లలు, పైన ఆఫీసు. కిందే, మెట్లు వంపు తిరిగే చోట, ఒక గది. కిటికీ లేదు. లోపల ఒక బల్ల, ఒక కుర్చీ, గుర్రుమనే ఏసీ, పక్కన బీరువా అంత సర్వర్. చొక్కా కొలతలైనా, పిల్లల గౌను నమూనా అయినా, కంపెనీలో ఎవరు ఏం గీసినా అందులోనే దాచాలి. పద్నాలుగు కంప్యూటర్లు అందులోంచే తీసుకోవాలి.

ఆ గదిలోనే కత్తెరమ్మ చచ్చిపోయింది. కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే.

అప్పట్నుంచీ ఆ గదిలో రాత్రిపూట ఎవరో టైపు కొడతారని ఒకళ్ళు, కాదు కత్తెర చప్పుడని ఇంకొకళ్ళు. ఇలాంటివి ఎక్కడైనా చెప్పుకుంటారు, వదిలేయండి. వదిలేయడానికి వీల్లేనిది ఒకటుంది. రోజూ రాత్రి తొమ్మిదింటికి, చచ్చిపోయిన కత్తెరమ్మ పేరు సర్వర్‌లో కనిపిస్తుంది. లోపలికి రానివ్వమని అడుగుతుంది. ఐదుసార్లు అడుగుతుంది… పాస్‌వర్డ్ తప్పు, తప్పు, తప్పు అని ఐదుసార్లు జవాబొస్తుంది. తెల్లారాక చూస్తే పదమూడు కంప్యూటర్లకి సర్వర్ తెరుచుకుంటుంది. ఒక్కదానికి తెరుచుకోదు.

మేనేజర్ గారిదానికి.

'గారు' అంటున్నాను చూడండి. ఇప్పటికి అననివ్వండి. కథ అయ్యాక ఎలాగూ అనను.

నేను చీకట్లో పెరట్లోకి వెళ్ళాలన్నా తోడు పిలిచే మనిషిని. దెయ్యం అంటే నాకు భయమే. కానీ ఈ కథ తలుచుకుంటే భయం రాదు, ఒళ్ళు మండుతుంది. మా అక్క చెప్పింది చెప్పినట్టు చెబుతాను. మా అక్క కంప్యూటర్లు బాగుచేస్తుంది. ఊరంతా వైర్లక్కయ్య అంటారు. నేను డబ్బాలు మోస్తాను, ఆవిడతో తిట్లు తింటాను.

ముందు కత్తెరమ్మ గురించి. యాభై దాటిన మనిషి. నమూనాలు గీయడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. మెడలో ఎప్పుడూ తాడుకి కట్టిన కత్తెర. కంప్యూటర్లొచ్చాక అవీ ఆవిడే నేర్చుకుని, సర్వర్ బాధ్యత కూడా నెత్తిన వేసుకుంది. కంప్యూటర్లు దిగిన రోజున ఎవరి పేరు వాళ్ళకి, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళకి పెట్టాలన్నారట.

"పెడితే మీరు మర్చిపోతారు, పొద్దస్తమానం నన్ను పిలుస్తారు. ఆ గొడవ నాకెందుకు?" అని విసుక్కుని, పద్నాలుగింటిలోనూ తన పేరే, తన పాస్‌వర్డే కొట్టేసి, గుర్తుపెట్టుకోమని టిక్కు పెట్టేసింది.

ఇక చూస్కోండి. సర్వర్‌కి తెలిసినంతవరకు ఆ కంపెనీలో ఉన్నది ఒకే ఒక్క మనిషి. పద్నాలుగు కుర్చీల్లో ఒకేసారి కూర్చుని పనిచేసే కత్తెరమ్మ.

ఆవిడ పోయిన మర్నాడు పొద్దున్నే మేనేజర్ ఆ పాస్‌వర్డ్ మార్చించేశాడు. దాంతో పద్నాలుగూ ఒక్కసారిగా మూగబోయాయి. ఎవరినో పిలిపించి అందరికీ కొత్త పేర్లు పెట్టించాడు. అన్నీ దారికొచ్చాయి. ఆయనదొక్కటే రోజూ పొద్దున మొరాయిస్తుంది. సర్వర్‌ని ఆర్పి వెలిగిస్తే తెరుచుకుంటుంది. మర్నాడు మళ్ళీ అదే పాట.

"కత్తెరమ్మ ఆయన్నొక్కణ్ణే గడప తొక్కనివ్వట్లేదే" అని మిషన్ల దగ్గర గుసగుసలు. ఆ గుసగుస ఆయన చెవిన పడింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, వెంటనే ఒక కాగితం తీసి నోటీసు బోర్డుకి అంటించాడు. రాత్రి తొమ్మిదికి కత్తెరమ్మ పేరుతో లాగిన్, విఫలం. తొమ్మిదికి కత్తెరమ్మ పేరుతో లాగిన్, విఫలం. రెండు నెలల చిట్టా.

"దెయ్యం లేదు, గియ్యం లేదు. చెల్లెలి పని ఇది" అన్నాడు.

కత్తెరమ్మ చెల్లెలు అదే కంపెనీలో ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేస్తుంది. అక్కాచెల్లెళ్ళిద్దరే, వెనకా ముందూ ఎవరూ లేరు. మేనేజర్ చెప్పే కథేమిటంటే… ఆ రోజు కత్తెరమ్మ ఆరింటికే కంపెనీలోంచి వెళ్ళిపోయిందట. రాత్రి దొంగతాళంతో మళ్ళీ వచ్చిందట. గదిలో దూరి, లోపల గడియ వేసుకుని, నమూనాలు ఎవరికో అమ్ముకోవడానికి తీస్తూ ఉండగా గుండె ఆగిందట. పొద్దున ఆయనే తలుపు విరగ్గొట్టినంత పని చేసి తీశాడట. అక్క వదిలేసిన దొంగతనం ఇప్పుడు చెల్లెలు పూర్తి చేస్తోందట!

చచ్చిన మనిషి లేచొచ్చి కాదని చెప్పదు కదా. ఎన్నయినా అనొచ్చు.

ఓనరమ్మ పెద్దావిడ. ఎవరేం చెప్పినా తలూపుతుంది గానీ, కంప్యూటర్ తెలిసినవాళ్ళతో ఒక సంతకం పెట్టించు, రేపు ఆ పిల్లని తీసేద్దాం అంది. ఆ సంతకం కోసం పిలిచారు మా అక్కని.

ఆరున్నరకి వెళ్ళింది. ఆ కంపెనీలో ఒక పద్ధతుంది, నమూనాలు ఫొటో తీస్తారని ఫోన్లు లోపలికి రానివ్వరు. గుమ్మం దగ్గర, అద్దాల తలుపు లోపలే, గూళ్ళున్న చెక్కపెట్టె. ఎవరి ఫోన్ వాళ్ళు గూట్లో పెట్టి లోపలికెళ్ళాలి, పోయేటప్పుడు తీసుకోవాలి. మా అక్క గొణుక్కుంటూ పెట్టింది. మేనేజర్ కాగితం పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఇందులో కనుక్కునేదేముంది మేడమ్? పేరు కనిపిస్తూనే ఉందిగా. ఒక్క సంతకం పడేయండి."

"పేరుదేముంది సార్? తలుపు కొట్టినవాడు ఏ పేరైనా చెబుతాడు. ఎక్కణ్ణుంచి కొడుతున్నాడో చూడాలి."

"కొట్టిన కంప్యూటర్ నంబరు ఉంటుందిగా?"

"కంప్యూటర్లకి నంబర్లిచ్చేది సర్వర్, దాన్ని రోజూ పొద్దున ఆర్పి వెలిగిస్తున్నారు. నంబర్లన్నీ మారిపోతున్నాయి. నిన్నటి నంబరు ఇవాళ ఎవరిదో దేవుడికే తెలియాలి. తొమ్మిదిదాకా కూర్చుని, కొట్టేటప్పుడే పట్టుకుంటాను."

ఆయన మొహం కాస్త మాడింది. "సరే కూర్చోండి. నేను పైనే ఉంటాను" అని మెట్లెక్కాడు.

మా అక్క గదిలోకి వెళ్ళి సర్వర్ ముందు కూర్చుంది. కాసేపటికి తలుపు దగ్గర అలికిడి. కత్తెరమ్మ చెల్లెలు. అరచేతులు ఇస్త్రీ వేడికి ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"అక్కా…" అంది గొంతు తగ్గించి. "మా అక్క పాస్‌వర్డ్ నాకు తెలుసు. మీకు అబద్ధం చెప్పను. కానీ నేను ముట్టుకోలేదు. ఒట్టు."

"నువ్వు ముట్టుకున్నావని నేనన్నానా?"

"రేపు నన్ను తీసేస్తే తీసేయనీండి. ఇస్త్రీ ఇంకెక్కడైనా చేసుకుంటాను. కానీ మా అక్క దొంగ అని బోర్డు మీద ఉందక్కా. రోజూ దానికిందనుంచే బల్ల దగ్గరికి పోవాలి. ఆ కాగితం తీయించండి. ఇంకేం అడగను."

మా అక్క నోరు పెద్దది, మనసు మెత్తన. "గేటు దగ్గర కూర్చోమ్మా. తొమ్మిదికి ఏదో ఒకటి తేల్చి నీ చేతిలో పెడతా" అంది. ఆ పిల్ల వెళ్ళింది.

ఏడయింది. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నవ్వులు, చెప్పుల చప్పుళ్ళు, ఫోన్లు తీసుకునే హడావిడి… తర్వాత ఏమీ లేదు. ఏసీ గుర్రు ఒక్కటే.

పటుక్కున లైటు పోయింది.

కరెంటు పోయిందనుకుంది మా అక్క. కానీ ఏసీ తిరుగుతూనే ఉంది. సర్వర్ మీద పచ్చదీపాలు మినుకుమంటూనే ఉన్నాయి. స్క్రీన్ వెలుగుతూనే ఉంది. కింద అంతస్తు లైట్ల మెయిన్ స్విచ్ ఎవరో కట్టేశారన్నమాట. ఆ వెంటనే తలుపు దగ్గర…

టక్.

"ఎవరూ?" అంది. లేచి తలుపు తోసింది. కదల్లేదు. ఇంకోసారి తోసింది. మా అక్క తోస్తే గోడలే జరగాలి. అయినా ఆ తలుపు కదల్లేదు. దూది దుమ్ము రాకుండా చుట్టూ రబ్బరు కొట్టిన మందపాటి తలుపు అది. బాదింది. అరిచింది. "సార్! మేనేజర్ గారూ! లోపల మనిషున్నానండీ!" ఆ అరుపు తన చెవులకే తిరిగొచ్చింది.

గడియ తీద్దామని చీకట్లో తలుపంతా తడిమింది. పైన లేదు. మధ్యలో లేదు. కింద లేదు.

ఆ తలుపుకి లోపల అసలు గడియే లేదు.

గడియ ఉన్నది బయట. రోజూ ఏడింటికి లైట్ల మెయిన్ కట్టి, అదే ఊపులో ఆ గడియ లాగి, చక్కా పోవడం మేనేజర్‌కి అలవాటు. లోపలికి తొంగిచూడ్డం అలవాటు లేదు! మా అక్కని మర్చిపోయాడట! మా అక్క కూర్చున్న గదిని మర్చిపోవడమంటే నడివీధిలో ఏనుగుని మర్చిపోవడం. ఆ చెయ్యికి మనిషి అక్కర్లేదు, గడియ దొరికితే చాలు.

మరి ఆ రోజు కత్తెరమ్మ 'లోపల గడియ వేసుకుని ఉంది' అన్నాడే…

ఆ మాట గుర్తొచ్చి మా అక్క బల్ల దగ్గరికి వెళ్ళింది. స్క్రీన్‌ని తలుపు వైపు తిప్పింది. ఆ వెలుతురులో, బయటి గడియకి ఎదురుగా, లోపలి చెక్క మీద గీతలు కనిపించాయి. ఒకటీ రెండూ కాదు. పొడవైనవి, పొట్టివి, ఒకదాని మీద ఒకటి. చెక్క పెచ్చులు లేచిపోయేలా పొడిచిన గుంటలు. వేలితో తడిమి చూసింది. రెండేసి గీతలు, జంటగా.

కత్తెర మొనలు.

ఫోన్ చేద్దామంటే ఫోన్ గూట్లో ఉంది. సర్వర్ నుంచి బయటికి కబురు పంపుదామంటే ఆ కంపెనీలో ఇంటర్నెట్ లేదు, దొంగతనం భయం. కిటికీ లేదు. మా అక్క కుర్చీలో కూలబడింది. ఏ కుర్చీలోనో తట్టగానే మళ్ళీ దిగ్గున లేచి, నేల మీద కూర్చుంది.

ఎనిమిదయింది. ఎనిమిదిన్నరయింది. అరిచి అరిచి గొంతు పోయింది.

తొమ్మిది.

స్క్రీన్ మీద ఒక గీత కదిలింది. ఒక పేరు వచ్చింది.

కత్తెరమ్మ. పాస్‌వర్డ్ తప్పు.

బిల్డింగు ఖాళీ. తలుపులన్నీ మూసి ఉన్నాయి. పదమూడు కంప్యూటర్లు ఆరిపోయి ఉన్నాయి. అయినా మళ్ళీ…

కత్తెరమ్మ. పాస్‌వర్డ్ తప్పు. కత్తెరమ్మ. పాస్‌వర్డ్ తప్పు.

మా అక్క నంబరు చూసింది. ఆ క్షణాన ఆ నంబరు ఎవరిదో వెతికింది. దొరికింది. ఆఫీసు, పై అంతస్తు, మొదటి గది.

మేనేజర్ గది.

ఐదోసారి పూర్తవగానే సర్వర్ దానికున్న కట్టుబాటు ప్రకారం ఆ కంప్యూటర్‌కి తలుపు మూసేసింది. ఇక రానివ్వనంది. అంటే రోజూ పొద్దున మేనేజర్‌ని గెంటేస్తున్నది ఇదే. కానీ ఆ చీకట్లో, ఆ తాళాల మధ్య, పైన ఆయన కుర్చీలో కూర్చుని చచ్చిపోయిన మనిషి పేరు కొడుతున్నదెవరు?

అప్పుడే తలుపు అవతల అడుగుల చప్పుడు.

గడియ కదిలింది. తలుపు కిర్రుమంది. సందులోంచి తెల్లటి వెలుతురు, వెనక జుట్టు విరబోసుకున్న ఆడమనిషి…

మా అక్క పెట్టిన కేకకి ఆ ఆడమనిషి కూడా కేక పెట్టింది. ఇద్దరి కేకలకీ వెనకున్న వాచ్‌మన్ తాత టార్చిలైటు కింద పడేశాడు. వచ్చింది కత్తెరమ్మ చెల్లెలు.

ఎలా వచ్చిందంటే, ఇక్కడ కాస్త నా గొప్ప కూడా ఉంది. అన్నం చల్లారిపోతోందని ఎనిమిదిన్నర నుంచి మా అక్కకి నేను ఫోన్ మీద ఫోన్ కొడుతున్నాను. ఎత్తదే! పదిహేడుసార్లు చేశాను. బయట గేటు దగ్గర ఆ పిల్ల తాతని బతిమాలుతోంది, లోపల అక్క ఉంది తాతా అని. "సారే చెప్పాడమ్మా, లోపల ఎవరూ లేరు, అన్నీ మూసేశానని" అంటున్నాడు తాత. ఆ తాతని కూడా దెయ్యం పుకారు పుట్టాకే పెట్టుకున్నారు, అంతకుముందు రాత్రి కాపలాయే లేదు. అప్పుడు అద్దాల తలుపు అవతల, చీకట్లో, పెట్టెలో ఒక గూడు వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది.

తాత దణ్ణం పెట్టుకున్నాడట. ఆ పిల్ల మాత్రం పెట్టుకోలేదు.

"పెట్టెలో ఫోన్ ఉందంటే మనిషి లోపలున్నట్టే కదా తాతా! తాళం తియ్యి!"

గదిలో మా అక్కని పట్టుకుని నిలబెడుతూ మళ్ళీ అదే మాట అంది. అని, ఆగిపోయింది. చేతులు జారిపోయాయి.

"అక్కా… ఆ రాత్రి నేనూ చేశాను. ఇరవైసార్లు చేశాను. ఎత్తలేదు. పొద్దున మేనేజర్ గారే ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టారు. పెట్టెలో ఉందమ్మా అని."

ఆరింటికే వెళ్ళిపోయిన మనిషి ఫోన్ పెట్టెలో ఎందుకుంటుంది? ఏడింటికి గడియ లాగి, ఆ పెట్టె ముందునుంచే కదా ఆయన బయటికి నడిచింది?

మా అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. "పదండి పైకి" అంది.

మేనేజర్ గదిలో మనిషి లేడు, దెయ్యమూ లేదు. బల్ల కింద కంప్యూటర్ ఒంటరిగా వెలుగుతోంది. దాన్ని ఎప్పుడూ ఆర్పొద్దని కత్తెరమ్మ చెప్పిందట. ఆయనకీ ఆర్పడం రాదు, పాస్‌వర్డ్ కొట్టడం రాదు, ఏదీ రాదు, సంతకం ఒక్కటే వచ్చు. మా అక్క కూర్చుని వెతికింది. పది నిమిషాల్లో దొరికింది.

కత్తెరమ్మ ఎప్పుడో పెట్టిన ఏర్పాటు అది. సర్వర్ పాడైతే అందరి పనీ గంగపాలు కాకూడదని, రోజూ రాత్రి తొమ్మిదింటికి సర్వర్‌లో ఉన్నదంతా దానంతటదే మేనేజర్ కంప్యూటర్‌లోకి ఇంకో కాపీ దిగేలా పెట్టింది. పెద్ద డిస్కు దాంట్లోనే ఉంది మరి. అన్నిట్లో కొట్టినట్టే ఇందులోనూ తన పేరే, తన పాత పాస్‌వర్డే కొట్టింది. కంపెనీలో ఎవరికీ చెప్పలేదు, చెబితే అర్థం చేసుకునేవాడెవడు? మేనేజర్ పాస్‌వర్డ్ మార్పించాడు. ఆ ఏర్పాటుకి మార్చిన సంగతి తెలియదు. ఆవిడ పోయినా, రోజూ తొమ్మిదింటికి లేచి, ఆవిడ పేరు చెప్పి, ఐదుసార్లు తలుపు తట్టి, ఓడిపోయి పడుకుంటోంది.

"ఇదేనమ్మా దెయ్యం" అంది మా అక్క. ఆ పిల్ల ఏడుస్తూ నవ్వింది.

అక్కడితో ఆగిపోతే ఇది నవ్వుకునే కథ. కానీ మా అక్క ఆగలేదు. ఆఖరి కాపీ ఎప్పుడు దిగిందో చూసింది. ఆవిడ పోయిన రాత్రి, సరిగ్గా తొమ్మిదికి. తెరిచింది. చొక్కాలు, గౌన్లు, కాలర్లు, జేబులు… అన్నిటికన్నా పైన ఐదు ఫైళ్ళు. లోపల ఏమీ లేవు. తెరవకుండానే ఎవరికైనా కనిపించాలని, చెప్పాల్సిందంతా పేర్లలోనే రాసింది.

ఏడూ ముప్పై ఒకటి. 'బయట గడియ పడింది ఎవరైనా తీయండి'.

ఏడూ యాభై ఎనిమిది. 'మేనేజర్ గారూ నేను గదిలోనే ఉన్నాను'.

ఎనిమిదీ ఇరవై ఆరు. 'గుండెలో నొప్పిగా ఉంది తలుపు తీయండి'.

ఎనిమిదీ నలభై. 'మా చెల్లికి ఫోన్ చేసి అన్నం తినేయమనండి'.

ఎనిమిదీ నలభై తొమ్మిది. 'మేనేజర్ గారూ తలుపు'.

కిటికీ లేని గదిలోంచి ఆవిడకి బయటికున్న దారి ఆ ఫోల్డర్ ఒక్కటే. పద్నాలుగు కంప్యూటర్లలో ఎవరైనా కూర్చుని ఉంటే, ఎవరైనా చూస్తే… ఎవరూ లేరు. ఊపిరాడక పోతూ కూడా 'గారూ' అని రాసింది, చూశారా? తలుపు తెరిచే తీరిక లేని వెధవకి 'గారూ'! నాకు ఇది చెబుతుంటే ఇప్పటికీ పళ్ళు పటపటలాడతాయి.

పొద్దున ఇస్త్రీ బల్లలు వేడెక్కలేదు, మిషన్లు తిరగలేదు. నోటీసు బోర్డు ముందు అందరూ నిలబడ్డారు. ఓనరమ్మ కుర్చీ వేయించుకుని కూర్చుంది. మా అక్క ఐదు పేర్లూ చదివింది. గొంతు రాత్రే పోయింది కాబట్టి నెమ్మదిగా చదివింది, దాంతో ఇంకా ఘోరంగా వినిపించాయట.

మేనేజర్ చెమటలు తుడుచుకున్నాడు. "నాకేం తెలుసమ్మా… అలవాటుగా గడియ లాగేశాను. లోపల ఉందని తెలియదు. ఆ ఫైళ్ళు నేను చూడనే లేదు. తల్లితోడు."

"చూడలేదా?" అంది మా అక్క. "మరి సర్వర్‌లో అవి లేవేం? ఆవిడ పోయిన మర్నాడు, పొద్దున ఎనిమిదీ ఇరవైకి చెరిపేశారు. ఎవరి పేరుతో చెరిపారో తెలుసా సార్? కత్తెరమ్మ పేరుతో. చచ్చిపోయిన మనిషి పొద్దున్నే లేచి, తన కేకలు తనే చెరిపేసుకుని, మళ్ళీ వెళ్ళి కుర్చీలో చచ్చిపోయిందా?"

అందరూ మేనేజర్ వైపు తిరిగారు.

"అన్ని కంప్యూటర్లకీ ఆవిడ పేరే కాబట్టి పేరు చూస్తే దొరకనని అనుకున్నారు. నంబరు ఉంది సార్. అప్పటికింకా రోజూ ఆర్పి వెలిగించడం మొదలు కాలేదు, నంబర్లు మారలేదు. రాత్రి తొమ్మిదికి కాపీ దింపుకున్న నంబరూ, పొద్దున ఫైళ్ళు చెరిపిన నంబరూ ఒక్కటే. మీ గదిది."

వాడు — ఇక 'గారు' లేదు — నేలచూపులు చూశాడు. చూసే చెరిపాడు. ఏదీ రానివాడికి చెరపడం మాత్రం వచ్చు. తలుపు తీసి, శవాన్ని చూసి, పైకి పోయి, ఆవిడ ఆఖరి మాటలు ఒక్కొక్కటీ చదువుకుని చెరిపి, కిందికొచ్చి, ఆవిడ చెల్లెలి చేతిలో ఫోన్ పెట్టి ఓదార్చాడు. ఆ పైన ఆవిణ్ణి దొంగని చేశాడు. పోలీసులొచ్చి తీసుకెళ్ళారు. ఓనరమ్మ తన చేత్తోనే బోర్డు మీది కాగితం చింపింది. చించడం వరకూ బాగానే ఉంది, అంటించేటప్పుడు ఏం చేసిందని అడిగేవాళ్ళు లేరు.

వాణ్ణి గేటు దాటించేటప్పుడు కత్తెరమ్మ చెల్లెలు అడ్డం నిలబడింది. కొడుతుందనుకున్నారందరూ. కొట్టలేదు.

ఎందుకంటే మా అక్క ఇంకో సంగతి కూడా చెప్పింది. కాపీలో ఉన్నవి ఐదు ఫైళ్ళు. చెరిపినవి ఆరు. ఆరోది కాపీ దిగిన తర్వాత, తొమ్మిదీ పన్నెండుకి రాసింది. సర్వర్ లెక్క ఉంచుకుంది గానీ పేర్లు ఉంచుకోలేదు. అందులో ఏముందో మా అక్క ఎంత తవ్వినా దొరకలేదు. అది చదివిన మనిషి లోకంలో ఒక్కడే.

"ఆరోదాన్లో మా అక్క ఏం రాసింది?" అని అడిగింది.

"గుర్తులేదమ్మా" అన్నాడు.

ఇప్పుడు ఆ గదికి తలుపే లేదు, పీకించేశారు. తొమ్మిది గంటల ఏర్పాటుని మా అక్క తీసేయబోతే ఆ పిల్ల వద్దంది. కొత్త పాస్‌వర్డ్ అందులో తనే కొట్టింది. రోజూ రాత్రి తొమ్మిదింటికి కత్తెరమ్మ పేరు వస్తుంది, మొదటిసారికే సర్వర్ తెరుచుకుంటుంది. పొద్దున ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళేముందు ఆ పిల్ల కాపీలో పైనున్న ఫైళ్ళు ఒకసారి చూసుకుంటుంది. ఆరోది వచ్చిందేమోనని.